ఎవరైనా లేచి అడగవచ్చు

మా ఊళ్లో వెట్టి పోయిందని సంఘం వాళ్లు డప్పు కొట్టించి చెప్పిన రోజున మా అవ్వ దొర ఉండే గడి వెనక బావి దగ్గర గిన్నెలు తోముతోంది. మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం. డప్పు చప్పుడు విని, ఎవరింట్లోనో చావనుకుని, మళ్లీ తోముకోవడంలో పడింది. దొర అప్పటికే పెళ్లాంపిల్లలతో పట్నం వెళ్లిపోయాడు. తినేవాళ్లు లేని ఇంట్లో గిన్నెలెందుకు తోముతున్నావని నేనడిగితే, "రేపొచ్చి మాసిన గిన్నెలు జూస్తే ఎవలి వీపు పగుల్తది?" అంది.

మేము చాకలివాళ్లం. కొడకండ్లకు పొద్దున బయల్దేరితే ఎండ ముదరకముందే చేరే దూరంలో మా ఊరు. నాయిన నా చిన్నప్పుడే పోయాడు. నాకు జఫర్‌గఢ్ దిక్కు సంబంధం చేశారు కానీ, కాపురానికి వెళ్లిన ఏడాదే ఆ మనిషి జ్వరంతో పోయాడు. అత్తగారు నన్ను అవ్వ దగ్గరికే తోలేసింది. అలా ఒక గుడిసెలో మగదిక్కు లేని ఆడవాళ్లం ఇద్దరం, ఒక గాడిద.

వెట్టి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఊళ్లో కాపుల ఇళ్ల బట్టలు ఉతికితే కోతలప్పుడు కల్లంలో మాకింత ధాన్యం కొలిచేవారు. సాయంత్రం గంప పట్టుకుని ఇంటింటికీ వెళ్తే బువ్వా కూరా పెట్టేవారు. అది మా బతుకుదెరువు, అందులో నాకేం తగవు లేదు. వెట్టి వేరు. గడిలో బట్టలు ఉతకాలి, గిన్నెలు తోమాలి, నీళ్లు మోయాలి. ఊరికి శిస్తు లెక్కలు చూసే గిర్దావరో పోలీసులో వస్తే మంచాలు నెత్తిన పెట్టుకుని వెళ్లి వేయాలి, పక్కలు పరచాలి, స్నానానికి నీళ్లు కాచాలి, తిన్న విస్తర్లు ఎత్తాలి. దీనికి గింజ కూలి లేదు. కాదనడానికి మాకు నోరూ లేదు.

దొరల మీద, నిజాం మీద పోరాడే సంఘం వచ్చి ఇదంతా పోవాలంది. సంఘంలో చేరే రోజున ఊరంతా గడి ముందు వాకిట్లోనే కూర్చున్నాం. మామూలుగా ఆ వాకిట్లోకి చెప్పులు చేత పట్టుకుని వెళ్లేవాళ్లం. ఆ రోజు కాళ్లకు చెప్పులున్నవాళ్లు కావాలనే చప్పుడు చేసుకుంటూ తిరిగారు. మా సంఘం అధ్యక్షుడు మా ఊరి కాపే, రెండెడ్ల సేద్యం, నలభై దాటిన మనిషి. దొర మనుషులు కర్రలతో వచ్చిన నాడు అందరికంటే ముందు నిలబడ్డది ఆయనే. ఆ దెబ్బలకే ఎడమ చెవికి వినికిడి పోయింది. అంతవరకూ ఆయన్ని పటేలా అనేవాళ్లం. ఇక అట్లా అనొద్దు, అన్నా అనండి అన్నాడు. మా అవ్వ నాలుక మాత్రం చచ్చేదాకా తిరగలేదు.

ఊళ్లో చదువొచ్చినవాళ్లు తక్కువ కాబట్టి కట్టుబాట్లన్నీ నోటి మీదే ఉండేవి. అధ్యక్షుడు ఒక్కొక్కటే గట్టిగా చెప్పాడు, మేమంతా చెయ్యెత్తి తిరిగి చెప్పాం. వెట్టి చెయ్యం, చేయించుకోం. ఇద్దరి మాటా ఇనకుంట తీర్పు చెప్పం. సంఘపోళ్లు తప్పు జేస్తే ఎవలన్న లేసి అడగొచ్చు, అడిగినోళ్లను ఎవలు ఏమనొద్దు. నా పక్కన కూర్చున్న ముసలవ్వకు పళ్లు లేవు. మాట సరిగా పలకకపోయినా ఆమె చెయ్యి మాత్రం అందరి చేతుల కంటే పైకి ఉంది. మూడో కట్టుబాటు చెప్పినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. నా బతుకులో ఎవరూ నన్ను అడగమనలేదు. నోర్ముయ్యమన్నవాళ్లే అందరూ.

తర్వాత కొన్నాళ్లు నేను పడిన సంతోషం ఇంతా అంతా కాదు. సంఘం కార్యదర్శి హనుమకొండలో కొంత చదువుకుని వచ్చిన పడుచు మనిషి. మధ్యాహ్నం పూట గడి అరుగు మీద మాకు అక్షరాలు దిద్దించేవాడు. మాట చాలా తియ్యన. దొర కూర్చునే అరుగు మీద కూర్చుని "అ ఆ" అంటుంటే నవ్వాగేది కాదు నాకు.

అడవి దిక్కు, భూపాలపల్లి వైపు వెళ్లే సంఘం దళాలు, అటు నుంచి వచ్చే దళాలు మా ఊళ్లో ఆగేవి. తుపాకులు భుజాన వేసుకుని, కాళ్లు పగిలి, తిండి లేక వచ్చేవారు. వాళ్లను చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఊరు ఊరంతా తలా ఇంత వండి పెట్టేది.

ఒక మధ్యాహ్నం నేను పలక పట్టుకుని గడికి పోతుంటే, ముందర నులక మంచం ఒకటి నడుచుకుంటూ వెళ్తోంది. కింద చూస్తే మా అవ్వ కాళ్లు.

"ఎవలికే మంచం?" అన్నాను.

"దళపోల్లు వచ్చిన్రు. పండుకోవద్దా మరి?"

"నిన్ను తెమ్మన్నరా?"

"ఒగలు తెమ్మనుడెందుకు? నాకు తెల్వదా?"

ఆ మాట నాలో ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి చదువు మీద ధ్యాస పోయి అవ్వనే చూస్తూ కూర్చున్నాను. గడి వెనక అదే బావి, అవే గిన్నెలు. మునుపు పోలీసులకు వేసిన మంచాలే ఇప్పుడు దళానికి. నీళ్లు కాచేది అవ్వే, విస్తర్లు ఎత్తేది అవ్వే. అధ్యక్షుడి బట్టలు, కార్యదర్శి బట్టలు, సంఘం పని మీద పైఊళ్ల నుంచి వచ్చినవాళ్ల బట్టలు అన్నీ మూట కట్టి గడి మెట్ల మీద పెట్టేవారు. అవ్వ వచ్చి ఎత్తుకుపోయేది. పెట్టమని వాళ్లకెవరూ చెప్పలేదు, ఎత్తుకోమని అవ్వకెవరూ చెప్పలేదు. మెట్టు మీద మూట ఉంటే చాకలిది ఎత్తుకుపోతుంది, అంతే. వెట్టిని ఊరి పొలిమేర దాటించామని చప్పట్లు కొట్టిన ఆ చేతులతోనే మూటలు పెట్టారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. చెడ్డవాళ్లయితే నాకింత కోపం వచ్చేదే కాదు.

వారానికోసారి గడి వాకిట్లో సంఘం కూర్చునేది. ఏ భూమి ఎవరికి పంచాలి, ఏ ఊళ్లో పోలీసులు దిగారు, ఎవరింట్లో గొడవ తీర్చాలి, ఇవన్నీ అయ్యాక కార్యదర్శి "ఎవలన్న ఏమన్న అడిగేదుందా?" అనేవాడు. అది అలవాటుగా అనే మాట. అది విన్నారంటే జనం లేచి బట్టలు దులుపుకోవడం మొదలుపెట్టేవారు. ఆ వారం అలాగే లేస్తున్నారు. నేనూ లేచాను కానీ దులుపుకోలేదు.

"నేనడగాలె అన్నా," అన్నాను.

అందరూ మళ్లీ కూర్చున్నారు. అధ్యక్షుడు బాగున్న చెవి నావైపు తిప్పాడు.

"ఎట్టి చెయ్యం, చేయించుకోం అని అందరం చెయ్యెత్తినం గద. మరి మా అవ్వ మీ మంచాలెందుకు మోస్తున్నది? మీ బట్టలెందుకు పిండుతున్నది?"

కార్యదర్శి నవ్వుతూ, పలక మీద తప్పు దిద్దినంత మెత్తగా చెప్పాడు. "గది ఎట్టి గాదు చెల్లె. దొరకు జేస్తే ఎట్టి. పోరాటానికి జేస్తే సేవ."

"సేవయితె మంచిదే గద అన్నా. అందరు జెయ్యాలె. కాపులిండ్లల్ల అక్కలు ఒక్కనాడన్న మంచం మోసిన్రా? వాల్లకు లేని సేవ మా అవ్వకే ఎట్ల రాసిపెట్టిన్రు?"

ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. ఎవరో "దానికి రెండక్షరాలు నేర్పంగనే నోరు లేసింది" అన్నారు. అవ్వ నా కొంగు పట్టి కిందికి గుంజుతోంది. "కూసో, సిగ్గు తీస్తున్నవ్" అని పళ్ల బిగువున అంటోంది.

అధ్యక్షుడు చెయ్యెత్తి జనాన్ని ఆపాడు. "ఆమె రూలే అడిగింది. ఎవలేమనొద్దు. వచ్చే వారం జవాబు జెప్త," అన్నాడు.

ఇంటికి నడిచేటప్పుడు అవ్వ నాకు పదడుగుల ముందు నడిచింది. గుడిసెలోకి వచ్చాక వెనక్కి తిరిగి ఒకే మాట అంది. "నన్నడిగినవా?"

నిజమే, అడగలేదు. దొరా అడగలేదు, సంఘమూ అడగలేదు, ఆమె కోసమని లేచి నిలబడిన నేనూ అడగలేదు. ఆ మాట ఇప్పటికీ నమలలేకా మింగలేకా ఉన్నాను. కానీ అవ్వను అడిగి ఉంటే వద్దనేది, వద్దంటే నేను ఊరుకోవాల్సి వచ్చేది, మూట మెట్ల మీద ఉండేది. కాబట్టి నేను చేసింది తప్పని ఈ రోజుకీ ఒప్పుకోను. అవ్వ ముందు కూడా ఒప్పుకోలేదు.

తర్వాతి వారం అధ్యక్షుడు తన మాట నిలబెట్టుకున్నాడు. లేచి, "తప్పే," అన్నాడు ముందుగా. "అలవాటుల పడి చేసినం. చేసింది ఎట్టే. ఇయ్యాల్టి సంది ఎవల బట్టలు వాల్లే పిండుకోవాలె. ఎవల మంచం వాల్లే ఏసుకోవాలె. నేను గూడ." కార్యదర్శి ముఖం మాడిపోయింది. పైఊరి నుంచి వచ్చిన నాయకుడొకాయన, ఇట్లాంటి సమయంలో ఇంత చిన్న విషయమా అని విసుక్కున్నాడు. అధ్యక్షుడు ఆయన వైపు చెవిటి చెవి పెట్టి కూర్చున్నాడు. నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. సంఘం అంటే ఇది కదా అనుకున్నాను. ఎవరో ఒకరు నా భుజం తడతారని ఆశపడ్డాను కూడా.

ఎవరూ తట్టలేదు. మర్నాడు అవ్వ కాపుల ఇళ్లకు మైలబట్టల కోసం వెళ్తే, ఒక ఇల్లాలు "వద్దు తియ్యి అవ్వా, మల్ల నీ బిడ్డ ఎట్టి అంటది" అని మూట లోపలికి తీసుకుపోయింది. కూలి ఉన్న పనికీ కూలి లేని పనికీ తేడా ఆమెకు తెలియక కాదు. బాగా తెలుసు. మిగతా ఇళ్లూ అంతే. సాయంత్రం గంప ఖాళీగా తిరిగొచ్చింది. మా పొయ్యి ఆరిపోయి పక్క గుడిసెకు నిప్పు కోసం వెళ్తే, నిగనిగలాడే పొయ్యి ముందు కూర్చున్న మా కులపామె నిప్పు లేదంది. నేను బావి దగ్గరికి వెళ్తే ఆడవాళ్లు మాట్లాడుకునే మాట ఆగేది. బిందె నింపుకుని వెనక్కి తిరిగాక మళ్లీ మొదలయ్యేది. దొర గుమస్తాకు నిప్పూ నీళ్లూ బంద్ పెట్టినప్పుడు ఊరికి ఈ పని బాగా పట్టుబడింది. దానికి మీటింగు పెట్టి, చేతులెత్తి తీర్మానం చేశారు. నా మీద ఎవరూ తీర్మానం చేయలేదు. అడిగినవాళ్లను ఎవరూ ఏమనొద్దన్న కట్టుబాటును మా ఊరు తు.చ. తప్పకుండా పాటించింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అసలు మాటే అనలేదు.

అవ్వ కూడా మాట్లాడటం మానేసింది. ఆమె పద్ధతి వేరు. నాతో చెప్పాల్సినవన్నీ గాడిదకు చెప్పేది. "ఇగో, కుండల అంబలి ఉన్నది, తాగేటోల్లు తాగుమను," అనేది దాని మెడ నిమురుతూ. "చెరువు కాడ కాలు జారుతున్నదట, జర సూసి నడువుమను." గాడిద నావైపు చూసేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఆ మాటల కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. రోజంతటిలో నాకు అందే మాటలు అవే. అవి కూడా గాడిద మీదుగా.

సంఘం మీటింగుకు వెళ్లడం మాత్రం మానలేదు. నా చుట్టూ మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చునేవారు. ఎప్పుడూ ఇరుకుగా ఉండే ఆ వాకిట్లో కాళ్లు చాపుకునేంత చోటు నాకొక్కదానికే ఉండేది.

అధ్యక్షుడు మాత్రం మాట తప్పలేదు. తన బట్టల మూట తనే చంకన పెట్టుకుని వాగుకు, మా చాకిరేవుకు వచ్చేవాడు. కాపు మగాడు, సంఘం పెద్ద, పట్టపగలు బండ మీద బట్టలు బాదుకోవడం ఎవరూ చూసి ఎరగని విడ్డూరం. గట్టు మీద పశువులు కాసేవాళ్లు కూడా ఆగి చూసేవారు. ఆయనకు చేతకాదు. తడిపిన పంచెను మడత పెట్టకుండా బాదేవాడు. నీళ్లన్నీ ఆయన ముఖం మీదే పడేవి. పక్క బండ దగ్గర ఉన్న అవ్వ చూడలేక, "ఇటియ్యి పటేలా, నీ కాళ్లు మొక్కుత, నాకు పాపం దాకుతది" అని లాక్కోబోయేది. ఆయన ఇచ్చేవాడు కాదు. "నీ బిడ్డ మల్ల నన్ను నిలబెట్టి అడుగుతది అవ్వా" అని నవ్వేవాడు. అప్పుడు ఒక్కసారి నావైపు చూసి తల ఆడించాడు. ఆ రోజుల్లో ఊరు మొత్తం మీద నన్ను మనిషిని చూసినట్టు చూసింది ఆయనొక్కడే. మడత ఎట్లా పెట్టాలో చూపిద్దామని నా చేతులు పీకేవి. కానీ చూపిస్తే నేనే చేసినట్టవుతుందని బిగబట్టుకున్నాను.

పోలీసులు అక్కడే పట్టుకున్నారు ఆయన్ని. మామూలుగా ఊరి పొలిమేర మీద పోలీసుల టోపీ కనపడితే కేక మీద కేక అందుకుని ఇంటింటికీ తెలిసేది, సంఘం వాళ్లు జొన్న చేలల్లో పడి మాయమయ్యేవారు. ఆ రోజూ కేక వేశారు. నేను విన్నాను, అవ్వ విన్నది. ఆయన పంచె బాదుతున్నాడు, ఆ చప్పుడులో ఆయనకు వినపడలేదు, అందులోనూ ఊరి దిక్కు ఉన్నది ఎడమ చెవి. "పటేలా, ఉరుకు!" అని అవ్వ అరిచింది. ఆయన తల తిప్పేసరికి వాళ్లు గట్టు దిగుతున్నారు. తడి బట్టలతోనే కట్టేసి, మా బండ మీదే కొట్టి, కొడకండ్ల తోవలో నడిపించుకుపోయారు. ఆయన అరవలేదు. నేనే అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

సాయంత్రానికి ఊరికి ఒక మాట తయారైంది. నేనడగకపోతే ఆయన రేవుకు వచ్చేవాడు కాదు, రేవుకు రాకపోతే దొరికేవాడు కాదు. ఎవరూ నా ముఖం మీద అనలేదు. నాకు వినపడేట్టు ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. ఆయన రోజూ ఆ వేళకు రేవులో ఉంటాడని పోలీసులకు చేరవేసింది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ తర్వాత జరిగిన మీటింగులో కార్యదర్శి చివరి మాట అనడమే మానేశాడు. భూముల మాటలు అయ్యాయి, కేసుల మాటలు అయ్యాయి, ఇక లేవండి అన్నాడు. అందరూ బట్టలు దులుపుకుని వెళ్లిపోయారు. అప్పటికి దళం వచ్చి ఉంది. మెట్ల మీద మూటలు ఉన్నాయి. అవ్వ వెళ్లి ఎత్తుకుంది. ఆ సాయంత్రం మా గంపలో బువ్వ పడింది.

నేను ఆ బువ్వ తినలేదు. అదే వారం మానుకోటలో ఉన్న మా చిన్నమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. వెళ్లేటప్పుడు అవ్వ గాడిదతో కూడా ఏమీ చెప్పలేదు.

మానుకోట దవాఖానలో దుప్పట్లు ఉతికే పని దొరికింది. అక్కడ నెలనెలా జీతం ఇచ్చేవారు. ఊరు వదిలితే ఒంటరితనం పోతుందనుకున్నాను. పోలేదు. పక్కనున్నవాళ్లు ఏదైనా అడిగితే జవాబు చెప్పడం మరిచిపోయినదాన్నై బిక్కముఖం వేసుకుని చూసేదాన్ని. నేర్చుకున్న రెండక్షరాలు వదలకుండా పట్టుకుని, ఏళ్ల మీద పరీక్ష గట్టెక్కి, జనగామలో చిన్నపిల్లల బడిలో టీచరునయ్యాను. పిల్లలు రోజంతా ప్రశ్నలు అడుగుతూనే ఉంటారు. అందుకే ఆ ఉద్యోగం నాకు నచ్చింది.

పోరాటం ఆగిపోయాక ఆయన జైలు నుంచి వచ్చాడు. ఊరు మేళతాళాలతో ఎదురెళ్లిందట. నేను వెళ్లలేదు. తర్వాత ఎలక్షన్లు వచ్చాయి, ఆయన సర్పంచయ్యాడు, మళ్లీ మళ్లీ అయ్యాడు. ఆయనకు పోటీగా నిలబడ్డవాళ్లు లేరు, ఎదురు మాట్లాడినవాళ్లు లేరు. ఆ దెబ్బలు తిన్న మనిషిని ఏ నోటితో అడుగుతారు? ఆయన ఇంటి ముందు జీపులు ఆగేవి. ఆయన్ని ఊళ్లో మళ్లీ పటేలా అనడం మొదలైంది.

అవ్వకూ నాకూ మాటలు కలిశాయి, పండక్కీ పబ్బానికీ ఊరికి వెళ్లి వచ్చేదాన్ని. ఒకసారి బస్సు దిగి వస్తుంటే వీధి మొదట్లో అవ్వ ఎదురైంది. నడుం వంగింది, నెత్తి మీద నులక మంచం. పటేల్ ఇంటికి ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడట. అరుగు మీద కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. అవ్వను చూశాడు, నన్ను చూశాడు. నేను చేతిలో సంచి కింద పెట్టి అక్కడే నిలబడ్డాను. ఆయన ముఖం తిప్పుకోలేదు. ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. "జర పక్కకు జరుగు బిడ్డా," అంది అవ్వ. నేను జరిగాను. మంచం లోపలికి వెళ్లిపోయింది.

అవ్వ పోయిన మూడోనాడు ఆయన మా గుడిసెకు వచ్చాడు. అప్పటికి చాలా ముసలివాడు, సర్పంచి పదవి కొడుక్కి పోయింది. చుట్టాలంతా పిండం పిట్టకు పెట్టడానికి వాగు దగ్గరికి వెళ్లారు. నేను ఒంట్లో బాగా లేక ఇంట్లోనే ఉండిపోయాను. ఆయన కర్ర గోడకు ఆనించి, కూర్చోమనకుండానే నేల మీద కూర్చున్నాడు. అవ్వ గురించి రెండు మంచి మాటలు అన్నాడు.

"ఒక మాట అడుగుత, జెప్తవా?" అన్నాడు.

"అడుగు పటేలా."

"గా దినం లేసి అడిగినవ్. నిన్ను మెచ్చుకున్న. తప్పంటె ఒప్పుకున్న. జైలుకెల్లి వచ్చినంక నన్నెవలు అడగలే. భూముల కాడ తప్పు జేసిన, అడగలే. మీ అవ్వ నా ఇంటికి మంచం మోసింది, నేను వద్దనలే. నువ్వు సూసినవ్, పక్కకు జరిగినవ్. నువ్వన్న ఎందుకడగలే బిడ్డా?"

నాకు ముందు జాలి వేసింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. ఆరిన పొయ్యి, ఖాళీ గంప, నా చుట్టూ వదిలిన జాగా, ఇన్నేళ్లూ ఎవరి ముందూ తీయనివన్నీ ఒక్కసారి పైకి వచ్చాయి.

"చేతులు ఊరంత ఎత్తలేదా, పటేలా?" అన్నాను. "అడుగుడు గూడ నాకొక్కదానికే ఎట్టి పెట్టిన్రా?"

ఆయన కర్ర అందుకుని లేచి వెళ్లిపోయాడు. నేను గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.